చందుర్తి ఎర్రకోట్లు

యాత్రలు రాసేవాళ్ళు చూడదగ్గ చోటికి పోయి వచ్చి రాస్తారు. నేను పోయిన చందుర్తిలో చూడడానికి ఏమీ లేదు. ముందే చెప్తున్నాను, తరువాత చార్జీలు దండగయ్యాయని నన్ను తిట్టుకోవద్దు.

నేను దర్జీని. పేరు యాదగిరి. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి నాచారంలో ఫ్యాక్టరీల గేట్లకు ఎదురుగా షాపు పెట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. పెళ్ళి సూట్లు కుట్టే షాపు కాదు నాది. యూనిఫారాలు కుడతాను. కార్మికుల నీలం చొక్కాలు, డ్రైవర్ల తెల్ల చొక్కాలు, అన్నిటికన్నా ఎక్కువగా సెక్యూరిటీ గార్డుల ఖాకీలు. ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా గేట్ల ముందు నిలబడ్డవాళ్ళలో సగం మంది నా చేతి బట్టలు వేసుకున్నవాళ్ళేనని ఒకప్పుడు గొప్పలు పోయేవాణ్ణి.

ఆ గార్డుల్లో ఒకడు నా తమ్ముడు మల్లేశ్. ఏజెన్సీవాళ్ళు గార్డులకిచ్చే ఖాకీ నాసిరకం, నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది. పోలీసుల బట్ట వేరు. దూరం నుంచే తేడా తెలుస్తుంది. ఒక కానిస్టేబుల్ కుట్టమని ఇచ్చి, బదిలీ అయి మళ్ళీ రాని బట్ట నా దగ్గర ఉండిపోయింది. మల్లేశ్ దాన్ని చూసి ఒకటే పోరు. "అన్నా, గా బట్టతోని నాకు కుట్టియ్యి. సిటీ బస్సుల స్టాఫ్ అంటే కండక్టర్ టికెట్ అడుగడు" అన్నాడు. తమ్ముడు కదా, కుట్టాను. భుజం పట్టీలు, విజిల్ తాడు, జేబుల మీద మడతలు, అన్నీ పోలీసు లెక్కే. వాడు వేసుకుని షాపు అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంటుంటే నాకూ ముచ్చటేసింది.

ఆ ఎండాకాలం ఒక దారం మిల్లు మూతపడింది. కార్మికులు గేటు ముందు కూర్చున్నారు. మూడో వారం లాఠీచార్జి అయ్యింది. దెబ్బలు తిన్నవాళ్ళు సందుల్లోకి ఉరికి, రాళ్ళు పట్టుకుని మళ్ళీ వచ్చేసరికి పోలీసులు ప్రహరీ లోపల ఉన్నారు. గేటు బయట నలుగురు గార్డులు నిలబడి ఉన్నారు. ముగ్గురివి వెలిసిన ఖాకీలు, ఒకటి నేను పోలీసు బట్టతో కుట్టింది. రాళ్ళన్నీ దాని మీదికే వచ్చాయి. దవాఖానకు చేరేలోపే మల్లేశ్ పోయాడు.

కొట్టినవాళ్ళలో వాడితో రోజూ చాయ్ తాగినవాళ్ళున్నారు. మరునాడు వాళ్ళే వచ్చి నా గడప ముందు కూలబడి ఏడ్చారు. "పోలీసోడు అనుకున్నమే అన్నా" అన్నారు.

మా వెనక వీధిలో విశ్వనాథం సార్ ఉంటారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు, పిఠాపురం వైపు మనిషి. ప్యాంట్లు నా దగ్గరే కుట్టించుకుంటారు. మల్లేశ్ దినాలయ్యాక ఒకరోజు షాపులో కూర్చుని ఈ చందుర్తి సంగతి చెప్పారు. పదిహేడువందల యాభై ఎనిమిది డిసెంబరులో అక్కడ ఫ్రెంచివాళ్ళకూ ఇంగ్లీషువాళ్ళకూ యుద్ధం జరిగిందట. ఇంగ్లీషువాళ్ళ దగ్గర తెల్ల సోల్జర్లు కొందరు, మనవాళ్ళు సిపాయిలు చాలామంది. ఆ సిపాయిలకూ తెల్లవాళ్ళలాగే ఎర్రకోట్లు కుట్టించారు. యుద్ధం మొదలయ్యే ముందు, సిపాయిలని గుర్తుపట్టకుండా వాళ్ళ జెండాలు చుట్టి కింద పెట్టించారు. అసలు తెల్ల సోల్జర్లు మొక్కజొన్న చేను వెనక దాగారు. ఫ్రెంచివాళ్ళు ఎర్రకోట్లు చూసి, తెల్లవాళ్ళు వీళ్ళేననుకుని, తమ బలగమంతా సిపాయిల మీదికి తోలారు. సిపాయిలు చెల్లాచెదురయ్యారు. వాళ్ళను తరుముకుంటూ ఫ్రెంచివాళ్ళ వరసలు చెదిరాక చేను వెనక నుంచి తుపాకులు పేలాయి. ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. కోస్తాలో వాళ్ళ పని అక్కడి నుంచే అడుగంటిందని సార్ అన్నారు.

"ఇది నీ తప్పు కాదు యాదగిరీ. రెండువందల యాభై ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతి" అన్నారాయన.

ఓదార్పుకే అన్నారు. కానీ నాకు ఒళ్ళు మండింది. చచ్చింది నా తమ్ముడైతే మధ్యలో ఫ్రెంచివాళ్ళెవరు అనిపించింది. అయినా ఆ మాట నన్ను వదలలేదు. ఎర్రకోట్లు కుట్టిన దర్జీ ఎవడో ఒకడు ఉండే ఉంటాడు కదా అని బల్ల ముందు కూర్చున్నప్పుడల్లా అనుకునేవాణ్ణి.

డిసెంబరులో ఏజెన్సీ సూపర్‌వైజర్ శంకర్ ఖాకీ తాను తెచ్చి బల్ల మీద వేశాడు. ఇంకో మిల్లులో గొడవ ముదురుతోంది. "నలభై చొక్కాలు గావాలె, సోమారం పొద్దుగాల్ల వరకు. మల్లేశ్‌కు కుట్టినవు సూడు, గసొంటియి. ఈసారి అసలు బట్టనే తెచ్చిన" అన్నాడు. నోరు జారానని కూడా వాడికి తెలియలేదు. కుట్టనంటే ఏజెన్సీ పని మొత్తం పోతుంది, నా షాపుకు సగం పని అదే. కుడితే ఇంకెవరి తమ్ముడో ఎర అవుతాడు. రెండు రోజులు కత్తెర ముట్టలేదు. గురువారం సార్ దగ్గరికి పోయి, చందుర్తికి దారి చెప్పమన్నాను. ఆ నేల మీద నిలబడితే ఏదో ఒకటి తేలుతుందనుకున్నాను. సార్ వింతగా చూసి, కాగితం మీద దారి రాసిచ్చారు.

అదే రోజు సాయంత్రం ఆరున్నరకు నాచారంలో సిటీ బస్సు ఎక్కి, తార్నాక మీదుగా ఏడున్నరకు సికింద్రాబాదు స్టేషన్‌లో దిగాను. కాకినాడ బండి తొమ్మిదింటికి. రిజర్వేషన్ లేదు. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన కాస్త చోటు దొరికింది. మా ఆవిడ కట్టిచ్చిన చపాతీలు, కోడిగుడ్డు కూర తిన్నాను. ఎదురుగా కాకినాడ పెద్దాయన ఒకరు కూర్చున్నారు.

"చందుర్తిలో ఎవరింటికండి?" అని అడిగారు.

"ఎవరింటికి కాదు. ఆడ యుద్ధమైన జాగ సూద్దామని."

"యుద్ధమా? ఎప్పుడండి?"

"రెండువందల యాభై ఏండ్ల కింద."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే తవరు కాస్త ఆలస్యంగా బయల్దేరారండి" అన్నారు. పెట్టెలో నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. మల్లేశ్ పోయిన తరువాత నేను నవ్వింది అదే మొదటిసారి, ఆ నవ్వుకు నాకే సిగ్గేసింది.

బండి గంట ఆలస్యంగా, ఉదయం ఏడున్నరకు సామర్లకోట చేరింది. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. చట్నీలో అల్లం ఎక్కువ, బాగుంది. పిఠాపురం బస్సు అరగంట ప్రయాణం. అక్కడి నుంచి గొల్లప్రోలుకు ఇంకో బస్సు. గొల్లప్రోలులో షేర్ ఆటో నిండేదాకా ముప్పావుగంట కూర్చోబెట్టారు. పోదలచినవాళ్ళు పొద్దున్నే పోవడం మంచిది, పొద్దెక్కాక ఆటోలు తగ్గిపోతాయట. హోటళ్ళు, లాడ్జీలు చందుర్తిలో లేవు. పడుకోవాలంటే పిఠాపురం రావలసిందే.

పదిన్నరకు ఊళ్ళో దిగాను. కనీసం ఒక రాయి ఉంటుందనుకున్నాను. ఇక్కడ ఫలానా యుద్ధం జరిగింది, ఇంతమంది పోయారు అని చెక్కిన రాయి. చాయ్ హోటల్లో అడిగితే అక్కడివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక కుర్రవాడు సెల్ టవర్ చూపించాడు. చివరికి ఎవరో, "వీర్రాజు గారికైతే తెలుస్తాదండి" అని ఊరి బయటికి దారి చూపించారు.

వీర్రాజు గారు డెబ్భై దాటిన రైతు. కోసిన వరి మడి గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. నేను ఎక్కడి నుంచి వచ్చానో వినగానే, "హైదరాబాదు నుంచా? మీకు మీ రాష్ట్రం ఇచ్చేశారాండి?" అని ఎత్తిపొడిచారు.

"ఇంకా ఇయ్యలేదు. ఇస్తరేమో సూడాలె."

"ఇస్తార్లెండి. మమ్మల్ని అడగరు" అని, కూర్చోమని తువ్వాలులో సగం నాకిచ్చారు.

యుద్ధం సంగతి ఎత్తితే ఆయన చేత్తో ఆ చుట్టుపక్కలంతా ఒక చుట్టు చూపించారు. "ఇక్కడే ఎక్కడో అనేవారండి మా మేష్టారు. ఫలానా చోటని ఎవరికీ తెలీదు. ఫ్రెంచోళ్ళు ఓడారు, ఇంగ్లీషోళ్ళు నెగ్గారు. అంతేనండి మాకు తెల్సింది."

"సిపాయిలు? ఎర్రకోట్లోళ్ళు?"

"ఆళ్ళ పేర్లు ఎవడు రాశాడండి. ఏ ఊరోళ్ళో ఏంటో. కూలికొచ్చినోళ్ళే కదా."

చుట్టూ చూశాను. వరి కొయ్యలు, ఒక పక్క పత్తి, దూరంగా కొబ్బరిచెట్లు. మనుషులు చచ్చిన నేలలా లేదు. మామూలు పొలంలా ఉంది. గోరంత గుర్తు కూడా లేదు. ఇంతదూరం వచ్చి నేను వెతికింది దొరక్కపోగా, దొరకదన్న సంగతి మాత్రం ఖాయమయ్యింది. నా తమ్ముడి సంగతి కూడా ఇంతే. పదేళ్ళకు నాచారంలో ఆ గేటు ముందు అడిగితే సెల్ టవరే చూపిస్తారు.

ఆయన అడగకపోయినా సార్ చెప్పిన ఎర్రకోట్ల సంగతి, మల్లేశ్ సంగతి మొత్తం చెప్పాను. వీర్రాజు గారు అంతా విని, "జెండాలు దించమన్నోడు తెలిసే దించమన్నాడండి. కోటు తొడిగినోడూ తెలిసే తొడిగాడు. కుట్టినోడికేం తెలుస్తాదండి? సూదికీ దారానికీ పాపం అంటదు" అన్నారు.

మంచిమనిషి. మంచిమాటే అన్నారు. కానీ అది నా విషయంలో నిజం కాదు. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఆ గట్టు మీద, మళ్ళీ జన్మలో చూడని మనిషికి చెప్పాను. లాఠీచార్జికి ముందురోజు శంకర్ నా షాపుకు వచ్చాడు. "రేపు జర గడబిడ ఉంటది. ముందట నిలబడెటోళ్ళు గట్టిగ కనబడాలె. నలుగురికి భుజం మీద ఎర్ర పట్టీలు కుట్టియ్యి" అన్నాడు. ఆ నలుగురిలో మల్లేశ్ ఉన్నాడు. నేను కుట్టాను. సాయంత్రం వాడు చొక్కా తీసుకుపోవడానికి వచ్చినప్పుడు గడబిడ మాట నోటిదాకా వచ్చింది. చెబితే వాడు డ్యూటీకి పోడు, పోకపోతే ఏజెన్సీవాళ్ళు నన్ను అనుమానిస్తారు. ఏమవుతుందిలే అనుకున్నాను. ఇస్త్రీ చేసి చేతికిచ్చాను.

వీర్రాజు గారు లేచి తువ్వాలు దులుపుకుని, "భోంచేసి వెళ్దురుగాని రండి" అన్నారు. వాళ్ళింట్లో వంకాయ కూర, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు పెట్టారు. ఆ ఇంటి ఇల్లాలు వద్దంటున్నా మారు వడ్డించింది.

మూడింటికి ఆటో ఎక్కేటప్పటికి ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ తాను ముట్టను. శంకర్‌కు తిప్పి ఇచ్చేస్తాను. షాపు పోతే పోతుంది, బడిపిల్లల నిక్కర్లు కుట్టుకుని బతుకుతాను. అంతవరకు మనసు కాస్త తేలికైంది. ఈ యాత్రలో నాకు మిగిలిన మంచి సమయం ఆ కొద్ది గంటలే.

సామర్లకోటలో ఎనిమిదిన్నరకు బండి ఎక్కాను. ఎక్కడెక్కడో ఆపి ఆపి, కాజీపేట చేరేసరికి శనివారం ఉదయం ఏడయింది. ముందు పట్టాల మీద ఎవరో కూర్చున్నారు, బండి ఎప్పుడు కదులుతుందో చెప్పలేమన్నారు. దిగి హైదరాబాదు బస్సు పట్టుకున్నాను. పక్క సీటులో భువనగిరి పోయే ఒక ముసలమ్మ, ఒళ్ళో కోడి. "నువ్వేడికి బిడ్డా?" అంది. ఉప్పల్ అన్నాను. "మస్తు దుమ్మట గదా ఆడ, రైలు కంబాలు ఏస్తున్నరని" అంది. భువనగిరిలో దిగుతూ కోడిని నా చేతికిచ్చి, మెట్లు దిగి మళ్ళీ తీసుకుంది.

ఘట్‌కేసర్ దాటుతుండగా సెల్‌ఫోన్ మోగింది. మల్లేశ్ భార్య స్వరూప.

"బావా, ఏడున్నవ్?"

"దగ్గర్లనే ఉన్న. ఏంది స్వరూపా?"

"ఉప్పల్‌ల దిగు. నేను ఆడ్నే ఉన్న. నీతోని పనుంది."

మేడిపల్లి నుంచి బోడుప్పల్ దాకా బస్సు నడిచే మనిషికన్నా మెల్లగా పోయింది. ఉప్పల్‌లో మెట్రో కోసం తవ్విన గుంతల పక్కన, రేకుల అడ్డం కింద స్వరూప నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. నాచారం షేర్ ఆటోలో వెనక సీటులో ఇద్దరం కూర్చున్నాక కవరు విప్పి చూపించింది. ఖాకీ బట్ట.

"నాకు నౌకరీ ఇచ్చిన్రు బావా. గేటు కాడ, ఆడోళ్ళ చెకింగు. సోమారం నుంచి. ఆయన నౌకరే నాకిచ్చినట్టు అన్నడు శంకర్."

గొడవ ముదురుతున్న ఆ మిల్లు గేటే, అడగనవసరం లేదు. నలభై చొక్కాలు కూడా ఆ గేటుకే.

"వద్దు. నేను కుట్ట. ఆ నలభై గూడ కుట్ట, వాపసు ఇస్తున్న" అన్నాను.

"నువ్వు కుట్టకపోతే ఇంకో టైలర్ కుడతడు. నౌకరీ ఇడిసిపెడితె పిల్లలకు నేనేం పెట్టాలె?"

అప్పుడు చెప్పాను. ఇంక దాచి లాభం లేదనిపించింది. శంకర్ వచ్చింది, ఎర్ర పట్టీలు కుట్టింది, తెలిసి కూడా మల్లేశ్‌కు చెప్పనిది, అన్నీ. ఆటోలో ఇంకా ఇద్దరు మనుషులున్నారని కూడా చూడలేదు. చెప్పి, తను నన్ను కొడితే బాగుండునని కూర్చున్నాను.

స్వరూప కవరు ముడి వేసుకుంటూ, "ఆయనకు ఎరుకే బావా" అంది. "గడబిడ అయితదని శంకర్ నలుగురికీ చెప్పిండు. రాత్రి నాతోని అన్నడు. పోవద్దన్న. పోకుంటె పేరు కొట్టేస్తరు, పోయి జర ఎనక నిలబడత అన్నడు. గా బట్ట జూసి ముందటికి గుంజిన్రట."

ఇన్ని నెలలుగా నా ఒక్కడిదనుకుని మోసిన పాపం అందరికీ తెలిసిందే. తమ్ముడికి తెలుసు, మరదలికి తెలుసు, వద్దంటూనే పంపింది, తెలిసే పోయాడు. ఎర్రకోట్లవాళ్ళకు కూడా జెండాలు దించమన్నప్పుడు తెలిసే ఉంటుంది. తెలిస్తే మాత్రం ఏం చేస్తారు? నేను చందుర్తికి పోయి తెచ్చుకున్న నిర్ణయం ఉప్పల్ దాటి రెండు కిలోమీటర్లు కూడా నిలవలేదు.

"ఇప్పుడు నాకు గూడ ఎరుకే" అంది స్వరూప. "మంచిగ కుట్టు బావా. నిన్న పని జూద్దామని చీర మీద పోయి గేటు కాడ నిలబడితె ఒక్కరు నా మాట ఇనలే. జర జూసి భయపడాలె."

షాపు తెరిచేసరికి పన్నెండున్నర. స్వరూప కొంగు నడుముకు చుట్టుకుని, చేతులు కాస్త ఎడంగా పెట్టి నిలబడింది. భుజం, ఛాతీ, నడుము, చేతి పొడవు రాసుకున్నాను. బాగా సన్నబడింది. వదులుగా, సంచిలా కుడదామనుకున్నాను, పోలీసులా కనబడకుండా. ఆదివారం తొడిగి చూసి, బాగాలేదని విప్పి ఇచ్చింది. పక్కలు బిగించి మళ్ళీ కుట్టాను. మిగతా నలభై, పక్క షాపుల కుర్రాళ్ళను పిలిచి రాత్రింబవళ్ళు కుట్టించాను.

యాత్ర ఇంతే. చందుర్తి పోవాలనుకునేవాళ్ళకు చలికాలం మంచిది, ఊరివాళ్ళు మంచివాళ్ళు, తిండికి లోటుండదు. అక్కడ ఏదన్నా అర్థమవుతుందని మాత్రం పోవద్దు. నాకు అర్థమైంది తిరిగొచ్చే ఆటోలో. దానివల్ల ఏ ఉపయోగమూ లేకపోయింది. సోమవారం పొద్దున ఏడింటికి శంకర్ వచ్చేసరికి నలభై ఒక్క చొక్కాలూ ఇస్త్రీ చేసి పెట్టాను.